తాడు కట్టని కుక్క

డేరాల వరుసలో కొసకున్న డేరా కొమురెల్లిది. అతను కోరి తీసుకున్నదే. ఏటవాలుగా తవ్వే కొత్త ఇంక్లైను బాయి పనిలోకి వచ్చినవాళ్ళంతా నల్లాకు దగ్గరి డేరా కోసం కొట్టుకుంటూ ఉంటే, కొమురెల్లి మాత్రం పంచిపెట్టే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, "మాకు ఆ కొసది ఇయ్యిండ్రి సారూ, కుక్కలున్నయి" అన్నాడు. గుమాస్తా తలెత్తి చూసి నవ్వాడు. తినడానికి లేక బొగ్గుబాయికి వచ్చినవాడికి మళ్ళీ కుక్కలు కూడానా అని ఆ నవ్వుకు అర్థం. కొమురెల్లి కూడా నవ్వాడు. గొర్లు రోగానికి పోయాక అతనికి మిగిలిన ఆస్తి ఆ రెండు కుక్కలూ ఒక నల్ల గొంగడీ. ఆస్తి ఉన్నవాడు నవ్వడానికి వెనకాడడు.

గోదావరిఖని అప్పటికి ఇంకా ఊరు కాలేదు. రాళ్ళ నేల మీద పాత కాన్వాసు డేరాలు, మేకులు దిగని చోట బండరాళ్ళు పెట్టి గుంజి కట్టిన తాళ్ళు, గాలి వీస్తే తలుపులు లేని ఆ సంసారాలన్నీ ఒక్కసారే టపటపలాడేవి. ఏడాదికి ఎనిమిది నెలలు మంద వెంట ఆకాశం కింద పడుకున్న మనిషికి డేరా అంటే మేడ కిందే లెక్క. దానికి కొమురెల్లి బాధపడలేదు. ఊరు ఇక్కడికి రెండు రోజుల నడకే. అయినా లస్మవ్వ దీన్ని దేశం కాని దేశం అనేది. మనిషి ఎదురుపడితే ఏ ఊరని అడగరు, ఏ షిఫ్టని అడుగుతారు. ఇదెక్కడి దేశం అని ఆమె గొణుగుడు.

పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు కొమురెల్లి చేసే పని ఒకటుంది. డేరా ముందు గొంగడి నాలుగు మడతలు వేసి పరిచేవాడు. వండిన జొన్న గటకలో మొదటి ముద్ద దాని అంచు మీద పెట్టేవాడు. పెద్ద కుక్క బూరడు వచ్చి ముద్ద తిని, గొంగడి మీద ముందు కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఇక అంతే. వాన కురిసినా, పక్క డేరాలో మాంసం ఉడికినా, ఊరకుక్కలన్నీ వచ్చి చుట్టూ మొరిగినా లేచేవాడు కాదు. పరిచినవాడే వచ్చి అంచు పట్టి నాలుక చప్పుడు చేసి ఎత్తాలి. అప్పుడే లేచి ఒళ్ళు విరుచుకుని కాలు మడవడానికి పోయేవాడు. మందల దగ్గర కుర్మవాళ్ళు కుక్కలకు నేర్పే విద్య ఇది. మంద పక్కన గొంగడి వేసి మనిషి నీళ్ళకో ఆకుకో పోతాడు. దారిన వచ్చేవాడికి గొంగడీ దాని మీద కుక్కా కనబడితే చాలు, ఇక్కడ మనిషి ఉన్నాడని తెలుసుకుని పక్కనుంచి పోతాడు. దొంగ కూడా అంతే.

రెండోది సుక్కి. నొసట చుక్క ఉన్న ఆడకుక్క, ఇంకా పడుచుది. దానికి గొంగడి మీద కూర్చోవడం నేర్పాలని కొమురెల్లి పడని పాటు లేదు. ముద్ద తినేసి తొండ వెంట పరుగెత్తేది. "నీ లెక్కనే ఉన్నది, ఒక్కకాడ నిలువది" అని అతను లస్మవ్వను ఎగతాళి చేసేవాడు. "నిలబడెటోడు నిలబడే ఉంటడు, ఉరికెటోడే బతుకుతడు" అని ఆమె ఊరికే ఎదురు మాట అనేది.

గురువారం పొద్దు గూకే వేళ డేరాల మధ్య డప్పు మోగింది. డప్పు కొట్టేవాడు ప్రతి వరుస మొదట్లో ఆగి గొంతెత్తి చెబుతున్నాడు.

"వినుండ్రి, వినుండ్రీ! సోమారం పొద్దుగాల పట్నం నుంచి పెద్ద దొరలొస్తున్నరు. కొత్త దవాఖాన తెరుస్తరు. డేరాల కాడ చెత్త ఉండద్దు, కుక్కలుండద్దు. రేపు ఎల్లుండి ఊరకుక్కలను తుపాకితోని కాలుస్తరు. సాదుకునే కుక్కలుంటె మెడకు తాడు కట్టి ఉంచుకోండ్రి. తాడున్న కుక్కను ముట్టరూ!"

లస్మవ్వ అప్పుడే మట్టిపనికి పోయి వచ్చింది. ఆ కొత్త దవాఖాన ముందర రాళ్ళు ఏరి నేల చదును చేసే పని ఆమెదే. చేతులు కడుక్కుని నేరుగా డేరాలోకి వెళ్ళి పాత చీర అంచు రెండు పీలికలు చించి తెచ్చింది.

"గవేంది?" అన్నాడు కొమురెల్లి.

"ఇనలేదా? తాడు కట్టాల్నట."

"కుక్కకు తాడా?" అతను నమ్మలేనట్టు చూశాడు. "తాడు ఎప్పుడు కడతరే? పిచ్చి లేసిన కుక్కకు కడతరు. సంపనీకె తోలుకపోయేటప్పుడు కడతరు. మల్లన్న దేవుని ఎంబడి తిరిగే కుక్కకు తాడు కట్టుడేంది?"

"గదంత మనూర్ల. ఈడ లెక్క వేరున్నది."

"కుక్క యాడికి వోయినా కుక్కనే. గొంగడి మీద కూసున్న కుక్కకు మాలికున్నడని గుడ్డోనికి గూడ తెలుస్తది."

"నీ గొంగడి సంగతి ఆ తుపాకోనికి ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? సూస్తె తెల్వదా?"

లస్మవ్వకు తమ్ముడున్నాడు, ఎల్లేశం. బసంత్‌నగర్ అవతల ఒక రైతు చేలో మంద వేసుకుని ఉన్నాడు. కుక్కలను అతని దగ్గర వదలాలని ఇద్దరూ ఎప్పటినుంచో అనుకుంటున్నదే. "పోనీ, రేపు పొద్దుగాల పని బంద్ పెట్టి నేనే తోలుకపోత, మా తమ్మునికాడికి" అంది.

"బూరడు నన్నిడిసి నీ ఎంబడి వస్తడా? నల్లా దాటంగనే మర్లుతడు. ఆదివారం ప్లేడేనాయె, డ్యూటీ ఉండదు. నేనే తోలుకపోత."

"అంతదాక?"

"అంతదాక గొంగడి ఉన్నది."

అతను నాగా పెట్టి రేపే పోవచ్చు కదా అని ఆమె అడగలేదు. అడగకూడదని ఆమెకూ తెలుసు. నాగా లేకుండా పని చేస్తేనే పేరు పర్మినెంటుకు ఎక్కుతుంది. ఇంకో నెల ఆగితే ఆ గండం గడుస్తుంది. ఇప్పుడు ఒక్క నాగా పెట్టినా మొదటికొస్తుంది. పర్మినెంటు అయితే క్వార్టరు, గోడలు, తలుపు. రాత్రిపూట గాలి వీచినప్పుడల్లా లస్మవ్వ ఆ తలుపు గురించే మాట్లాడేది.

ఆమె సుక్కిని పిలిచి మెడకు పీలిక కట్టి, రెండో కొస డేరా మేకుకు ముడి వేసింది. అది నీ కుక్క, నీ ఇష్టం అన్నట్టు కొమురెల్లి ముఖం తిప్పుకున్నాడు. రెండో పీలిక పట్టుకుని ఆమె బూరని వైపు రెండడుగులు వేసేసరికి మాత్రం లేచి వచ్చి ఆ గుడ్డ ముక్క గుంజుకుని పొయ్యి పక్కకు విసిరేశాడు.

"వాని జోలికి రాకు" అన్నాడు. "మెడకు తాడు వడ్డ కుక్క తోడేలును సూసి తోక ముడుస్తది. నా చేతులతోని వానికి ఆ గతి పట్టియ్య."

"ఈడ తోడేలు యాడున్నది?" అంది లస్మవ్వ.

శుక్రవారం ఎవరూ రాలేదు. షిఫ్టు దిగి, ముఖం కూడా కడుక్కోకుండా పెద్ద పెద్ద అంగలతో వచ్చిన కొమురెల్లికి గొంగడి మీద బూరడు కనబడ్డాడు. చెవులు నిక్కించి, తోక మాత్రం ఆడిస్తూ, లేవకుండా కూర్చున్నాడు. అంచు పట్టి నాలుక చప్పుడు చేయగానే మీదికి దూకాడు. బొగ్గు పేరుకున్న చేతులను నాకాడు. "సూసినవా?" అన్నాడు కొమురెల్లి పెళ్ళాంతో. ఆ పూట అతని ఆనందం చూసి తీరాలి. లస్మవ్వ కూడా నవ్వింది. సుక్కి మాత్రం పొద్దంతా పీలిక కొరుక్కుంటూ గడిపింది.

శనివారం మొదటి షిఫ్టు. బాయి లోపల ఆ రోజు మందు పేల్చే పని ఉంది. ఆ పని చూసే షాట్‌ఫైరర్ యిర్మియా బెల్లంపల్లి వైపు పాత బాయిల్లో తల నెరిసిన మనిషి. ప్రార్థన చేసుకోకుండా మందు ముట్టుకోడు. గట్టిగా అరవడు. పేల్చే ముందు ఆ చోటికి వచ్చే దారులన్నింటికీ కాపలా పెట్టాలి. కాపలాకు ఆయన కళ్ళు ముందు కొమురెల్లినే వెతికేవి.

బొగ్గులో తవ్విన రెండు గల్లీలు కలిసే చోట అతన్ని నిలబెట్టి, ఎప్పటిలాగే చెప్పాడు. "బిడ్డా, నేను నా కాళ్ళతోని వచ్చి నీకు చెప్పేదాక కదలకు. ఎవ్వరిని దాటనియ్యకు. మేనేజరు వచ్చినా సరే. ఇంకొకన్ని నిలబెట్టి పోవద్దు. వెనకట ఒక బాయిల కాపలావాడు దూపైందని నీళ్ళు తాగనీకె పోయిండు. ఇద్దరు పిల్లగాండ్లు నడుచుకుంట పోయిండ్రు లోపటికి. వాళ్ళను నేనే ఎత్తుకొచ్చిన."

"నిలబడ్త సారూ" అన్నాడు కొమురెల్లి.

నిలబడ్డాడు. తల మీది లైటు వెలుగులో బొగ్గు గోడ తడితడిగా మెరుస్తోంది. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. పైకప్పుకు ఆనించిన కర్ర దిమ్మెలు అప్పుడప్పుడు కిర్రుమంటున్నాయి. మంద కాసిన మనిషికి నిలబడడం కష్టం కాదు. కర్ర మీద భారం మోపి ఒంటికాలు మీద పూటలు పూటలు నిలబడ్డవాడే. ఇక్కడ కర్ర లేదు, మంద లేదు. అంతే తేడా.

ఎంతసేపైందో, పైనుంచి వచ్చే గల్లీలో ఒక లైటు ఊగుతూ పరుగున వచ్చింది. పక్క డేరా మొగిలి. బొగ్గు టబ్బులు తోసే పని అతనిది. దిమ్మెల కోసం పైకి పోయినట్టున్నాడు. ఆయాసంతో వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, లస్మక్క పంపింది. బాయి మూతి కాడికి ఉరికొచ్చింది. డేరాల కాడ కాలుస్తున్నరు. మొదటి వరుసల మొదలువెట్టిండ్రు. చప్పుడు నేను గూడ విన్న. జల్ది వోయి గొంగడి ఎత్తు. బూరడు లేస్తలేడంట."

"షాటు కాపలా ఉన్న గద" అన్నాడు కొమురెల్లి.

"నేను నిలబడ్త. నువ్ వో."

కొమురెల్లి పైకి పోయే గల్లీ వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. మొగిలి మంచివాడే, అడిగితే ప్రాణం ఇస్తాడు. కాని నిలబడే మనిషి కాదు. ఒకరు పిలిస్తే ఇటు, ఇంకొకరు పిలిస్తే అటు. పోయిన వారమే టబ్బు దారి మధ్యలో వదిలేసి ఎవరితోనో మాటల్లో పడి ఓవర్‌మన్ చేత తిట్లు తిన్నాడు. యిర్మియా చెప్పిన ఆ ఇద్దరు పిల్లగాండ్లు కొమురెల్లి కళ్ళ ముందుకు వచ్చారు. వాళ్ళ వెనకే పర్మినెంటూ వచ్చింది. అబద్ధమెందుకు, ఆ రెండింటిలో ఏది ముందు వచ్చిందో అతనికే తెలియదు.

"షాటు కొట్టంగనే వస్త" అన్నాడు. "ఇంకెంతసేపు? గింతసేపైంది, ఇగ కొడతరు."

"అన్నా!"

"బూరడు గొంగడి మీద ఉన్నడు గదరా. గొంగడి సూసి గూడ కాలుస్తరా ఎవలన్న? ఎవలదో అడగరా?"

మొగిలి చేతులు ఊపి, తన టబ్బు కోసం వెనక్కు పరుగెత్తాడు. లైటు చిన్నదై మలుపులో పోయింది. కొమురెల్లి తన చోటికి తిరిగొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు చెవులు రెండూ షాటు కోసమే. పేలితే గోడ అదురుతుంది, గాలి ముఖానికి తగులుతుంది, వెనకే యిర్మియా దగ్గుకుంటూ వస్తాడు. అప్పుడు పరుగెత్తాలి. గోడ అదరలేదు. నీటి చుక్క పడుతూనే ఉంది. మల్లన్నా, జల్ది పేలనియ్యి తండ్రీ అని మొక్కాడు. మందు పేలాలని మొక్కినవాడు ఆ బాయిలో అతనొక్కడే అయి ఉంటాడు. పిలుద్దామని ఒకసారి నోరు తెరిచాడు. పిలిస్తే వినబడేంత దగ్గర కాదు. పోయి చూద్దామంటే అది మందు పెట్టిన దారి.

చివరికి లైటు కనబడింది. యిర్మియా నెమ్మదిగా వస్తున్నాడు. చేతిలో టిఫిను డబ్బా ఉంది, మూత తీసి కడిగిన డబ్బా. కొమురెల్లిని చూసి ఆగిపోయాడు.

"అయ్యో దేవా! కొమురెల్లీ, ఇంక ఈడనే ఉన్నవా?"

"షాటు కాలేదు గద సారూ."

"షాటు యాడిది బిడ్డా! మందు పేల్చే బ్యాటరీ పనిచెయ్యలే. పైకి పంపిన. రెండో షిఫ్టుల కొడతరు. మిగిలినోళ్ళందరిని పొమ్మన్న. నిన్ను… నిన్ను మరిచిన." ముసలాయన నిజంగానే నొచ్చుకున్నాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "నీ లెక్క నిలబడెటోన్ని ఇన్నేండ్లల్ల సూడలే. ఓవర్‌మన్‌కు నేనే చెప్త. నెల గూడ ఆగకుంట నీ పేరు…"

మిగతా మాట కొమురెల్లి వినలేదు. అతని లైటు అప్పటికే ఇంక్లైను మెట్ల మీద ఎగురుతోంది.

బయటి ఎండ కళ్ళలో పొడిచింది. డేరాల మధ్య జనం ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. ఒక తోపుడు బండిలో ఊరకుక్కలు నాలుగు పడి ఉన్నాయి. వాటిలో బూరడు లేడు. కొమురెల్లికి ప్రాణం లేచి వచ్చింది. వరుస చివరికి పరుగెత్తాడు.

బూరడు గొంగడి మీదే ఉన్నాడు. ముందు కాళ్ళు చాపుకుని, తల వాటి మీద పెట్టుకుని. లస్మవ్వ పక్కన కూర్చుని చీర కొంగుతో ఈగలు తోలుతోంది. సుక్కి మేకు దగ్గర పీలిక పొడుగునా వెనక్కు లాగి, నేలకు అతుక్కుని వణుకుతోంది.

లస్మవ్వ తలెత్తింది. "మొగిలి రాలేదా?" అంది.

"వచ్చిండు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎందుకు రాలేదని అడగలేదు. అడిగి ఉంటే అతను కాపలా గురించి, మందు గురించి, ఆ ఇద్దరు పిల్లగాండ్ల గురించి చెప్పేవాడు. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. ఈగలు తోలుతూనే జరిగింది చెప్పింది.

"మనది కొస డేరానాయె. మొదటి వరుస నుంచి ఈడిదాక రానీకె చాన సేపు వట్టింది వాళ్ళకు. నేను బాయి కాడికి పోయి మర్లొచ్చినా ఇంక రాలే. ఊరకుక్కలన్ని ఎటువడితె అటు ఉరికినయి, సగం గూడ దొరకలే. వీడొక్కడు కదల్లే. ఇద్దరచ్చిండ్రు. గిది మా కుక్కనే అన్న. తాడేది అన్నడు తుపాకోడు. ఇప్పుడే కడ్త, జర ఆగుండ్రని పీలిక వట్టుకొని దగ్గరికి వోయిన. నన్ను సూసి కరవనొచ్చినట్టు పండ్లు వెట్టిండు. నన్ను సూసి. నా చేతి గటక తిన్నోడు. గొంగడి గుంజిన. దాని మీద సాగిలవడి గుర్రుమన్నడు. వాని తప్పేమున్నది? నువ్వేసినవు, నువ్వే ఎత్తాలె. నేనెవలను?"

కొంగు ఆగింది.

"ఇంటి కుక్క ఇంటి ఆడిదాన్ని కరవనొస్తదా, గిది ఊరకుక్కనే, జరుగు అన్నడు. గా సుక్కి నీదైతె తాడు కట్టుకున్నవు గద, గిది నీదైతె ఎందుకు కట్టలేదు అన్నడు. నాకు ఏం చెప్పాల్నో తెల్వలే. జరిగిన."

కొమురెల్లి నేల మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మీద ముందుకు జరిగి గొంగడి అంచు పట్టుకున్నాడు. నాలుక చప్పుడు చేశాడు. ఎందుకు చేశాడో చెప్పడానికేమీ లేదు, చెయ్యి అంచు పట్టగానే నాలుక దానంతటదే ఆ చప్పుడు చేసింది. రెండోసారి కూడా చేశాడు. అప్పుడు అతనికి ఏడుపు వచ్చింది. మందకు మంద పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. పక్క డేరాలవాళ్ళు వచ్చి నిలబడ్డారు. కుక్క కోసం గింత ఏడుపేందని ఎవరో అన్నారు. మొగిలి వాళ్ళను పొమ్మన్నాడు.

పొద్దు వాలాక డేరా వెనక గుంత తవ్వారు. రాతి నేల, గడ్డపార దిగదు. మొగిలీ కొమురెల్లీ మార్చి మార్చి తవ్వారు. లస్మవ్వ గుడ్డలో దాచిన మల్లన్న బండారి తెచ్చి, ఆ పసుపు బూరని నొసట పెట్టింది. గొంగడితోనే చుట్టి దింపారు. ఆ రాత్రి చలికి ఏం కప్పుకుంటావని ఆమె అడగలేదు, అతనూ అనుకోలేదు.

ఆదివారం కోడి కూయకముందే కొమురెల్లి సుక్కి పీలిక విప్పి నడుముకు చుట్టుకుని బయల్దేరాడు. లస్మవ్వ రెండు రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. ఒకటి అతనికి, ఒకటి దానికి. సుక్కి అతని కంటే ముందు పరుగెత్తుతూ, పొదలన్నీ వాసన చూస్తూ, వెనక్కు చూసి ఆగుతూ పోయింది. దానికి పండగలా ఉంది. బసంత్‌నగర్ సిమెంటు లారీల దుమ్ము దాటి, చేలల్లోకి దిగేసరికి ఎండ ఎక్కింది. గొర్రెల వాసన అతనికి దూరం నుంచే తగిలింది. సుక్కికి అంతకంటే ముందే తగిలినట్టుంది. చెవులు నిలబెట్టి ఒక్క పరుగున మందలో పడి, చుట్టూ రెండు తిరుగుళ్ళు తిరిగి గొర్లన్నింటినీ ఒక్క చోటికి చేర్చింది. నేర్పకుండానే.

ఎల్లేశం నవ్వుతూ ఎదురొచ్చాడు. "బావా, రక్తంల ఉన్నది దానికి! మరి బూరడేడి?"

కొమురెల్లి చెప్పాడు. తక్కువ మాటల్లోనే చెప్పాడు. ఎల్లేశం నోటి మీద చెయ్యి పెట్టుకుని, "మల్లన్నా" అన్నాడు. తర్వాత బావకు నీళ్ళిచ్చాడు, గొర్రె పాలు పిండి ఇచ్చాడు. తుమ్మచెట్టు నీడలో ఇద్దరూ రొట్టె తిన్నారు. తిన్నాక ఎల్లేశం లేచి తన భుజం మీది గొంగడి తీసి, నాలుగు మడతలు వేసి నేల మీద పరిచాడు. రొట్టె ముక్క ఒకటి అంచు మీద పెట్టాడు.

"దా బావా, నీ చేత్తోనే మొదలువెట్టు. బూరన్ని తయారు చేసిన చెయ్యి. నాలుగు దినాలల్ల నేను సాఫు చేస్త."

సుక్కి వచ్చింది. రొట్టె ముక్క తిన్నది. తొండ ఏదో చెట్టు మొదట్లో కదిలింది. సుక్కి దానివైపు చూసింది, మళ్ళీ కొమురెల్లి ముఖంలోకి చూసింది. చూసి, ఇంతకాలం ఎంత కొట్టినా చేయని పని చేసింది. గొంగడి మీద ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"అరే!" అన్నాడు ఎల్లేశం. "సూడు బావా, సూడు!"

కొమురెల్లి ఒక్క అంగలో లేచాడు. సుక్కి మెడ పట్టి గొంగడి మీదనుంచి ఈడ్చి అవతల పడేశాడు. అది కుయ్యిమని, ఆటేమో అనుకుని మళ్ళీ వచ్చి కూర్చోబోయింది. కాలితో తన్నాడు. "లే! లేవ్! పో!" అని అరుస్తున్నాడు. గొంతు అతనిది కాదన్నట్టుంది. గొర్లు బెదిరి చేలోకి చెదిరాయి.

ఎల్లేశం రెండు చేతులతో అతన్ని వెనక్కు పట్టుకున్నాడు. "పిచ్చి లేసిందా బావా? గది నేర్చుకుంటుంటె తంతున్నవు!"

"నేర్పకు" అన్నాడు కొమురెల్లి రొప్పుతూ. "దానికి ఈ విద్య నేర్పకు. నీకు మొక్కుత. ఉరుకుడు నేర్పు. కొత్త మనిషి కనవడితె ఉరుకుడు."

"మనిషిని సూసి ఉరికే కుక్క నా మందకు ఎందుకు బావా?" ఎల్లేశం మెల్లగా అన్నాడు. కోపంగా అనలేదు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు అన్నాడు. "నేను నీళ్ళకు వోతె మందను ఎవలు కాస్తరు? నిలవని కుక్కను నేనెట్ల సాదుత? గీడ తుపాకులు లేవు. గొంగడి అంటె ఏందో అందరికి ఎరుక."

అది నిజం. ఇక్కడ అందరికీ ఎరుకే. సుక్కి ఇక్కడ ఉంటే మంద చుట్టూ తిరుగుతుంది, పాలు తాగుతుంది, గొంగడి మీద కూర్చుంటుంది, ముసలిదై చస్తుంది. కొమురెల్లికి ఆ లెక్క బాగా తెలుసు. కాని పరిచి ఉన్న గొంగడి వైపు చూస్తే అతనికి ముందు కాళ్ళ మీద వాలిన తల తప్ప ఇంకేమీ కనబడలేదు. ఎంత ప్రయత్నించినా కనబడలేదు.

"అయితె తోలుకపోత" అన్నాడు.

"యాడికి? ఆ డేరాలకా?"

కొమురెల్లి నడుముకున్న పీలిక విప్పాడు. సుక్కి తోక ఆడిస్తూ మెడ చాచింది.

పొద్దు గూకేసరికి డేరాకు చేరాడు. దవాఖాన ముందర రంగు కాగితాలు కడుతున్నారు. డేరాల మధ్య సున్నం చారలు కొత్తగా మెరుస్తున్నాయి. ఒక్క కుక్క లేదు. లస్మవ్వ పొయ్యి దగ్గరినుంచి లేచి, అతన్ని చూసి, అతని చేతిలోని పీలిక చూసి, దాని రెండో కొసన ఉన్న సుక్కిని చూసింది.

"మా తమ్ముడు ఒద్దన్నడా?"

"నేనే ఇయ్యలే."

కొమురెల్లి మొగిలి దగ్గర కొబ్బరితాడు అడిగి తెచ్చాడు. డేరా మేకు చాలదని రైలు పట్టా ముక్క ఒకటి వెతికి తెచ్చి, రాయితో కొట్టి కొట్టి నేలలోకి దించాడు. పీలిక విప్పేసి సుక్కి మెడకు తాడు చుట్టి ముడి వేశాడు. అది చాలదని ఇంకో ముడి వేశాడు.

"గంత బిగ్గర కట్టకు" అంది లస్మవ్వ. "ఊపిరాడది."

అతను వేలు దూర్చి చూశాడు. కొంచెం వదులు చేశాడు. మళ్ళీ బిగించాడు. సుక్కి ఆ చేతిని నాకుతూనే ఉంది.

మరునాడు మొదటి షిఫ్టు. సైరన్ మోగకముందే లేచి లైటుగదికి బయల్దేరాడు. నల్లా దాకా పోయి ఆగాడు. వెనక్కు వచ్చి తాడు గుంజి చూశాడు. పట్టా గట్టిగానే ఉంది. ముడి గట్టిగానే ఉంది. బయల్దేరాడు. బాయి మూతి కనబడే మలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కు తిరిగి వచ్చాడు. డేరా ముందు లస్మవ్వ నిలబడి ఉంది.

"ఉన్నది, కట్టే ఉన్నది" అంది. "నేను సూస్త. నువ్ వో, డ్యూటీకి ఆలస్యమైతది."

కొమురెల్లి వంగి ముడి ఇంకోసారి బిగించాడు.